సున్నాలు రాసే ఉద్యోగం

నా పని చేపల్ని కొలవడం.
ముక్కు కొస నించి తోక చీలిక దాకా
చెక్కపలక మీద సెంటీమీటర్లు,
కాటా మీద కిలోలు,
నీలం అట్ట పుస్తకంలో
ఒక్కో పడవకీ ఒక్కో గీత.

ఏప్రిల్ పదిహేను నించి
గీతకి కుడివైపు సున్నాలే.
అయినా పొద్దున్న ఆరింటికల్లా
విశాఖ హార్బరు గేటు దాటాలి.
"ఏమీ రాలేదని కూడా
ఎవరో ఒకరు రాయాలి కదా" అన్నారు మా ఆఫీసరు.
ఏమీ రాలేదు. రాశాను.
ఏమీ రాలేదు. రాశాను.

పడవకి పడవ భుజం రాసుకుంటూ
తాళ్ళు మూలిగే చప్పుడు.
ఐసు మిల్లు ఆగిపోయాక
దాని వెనక ఇన్నాళ్ళూ పిచ్చుకలున్నాయని తెలిసింది.
యారాడ కొండ మీద దీపం మాత్రం
ఎవరూ రాని దారికి
రాత్రంతా కాపలా కాస్తోంది.

సరంగు గరికిన ఎల్లాజీ
వల చిరుగులు అల్లుతూ అడిగాడు:
"ఏటమ్మా, సంద్రానికి పురుడొచ్చిందని
మాకు మైల పెట్టారు, సరే.
ఆ పిల్లల్ని నడిసంద్రంలో
పెద్దోడలోల్లు ఎత్తుకుపోతంటే
ఆల్లకి మైల నేదా?"
నా పుస్తకంలో ఆ ప్రశ్నకి గడి లేదు.

ఎక్కడో చల్లటి గదిలో
పొడుగాటి బల్ల చుట్టూ దేశాలు కూర్చుని
సూర చేపల్ని టన్నుల్లెక్కన పంచుకుంటాయట.
ఆ పంపకం నా పెన్సిలు మొన దగ్గరే
మొదలవుతుందని ట్రైనింగులో చెప్పారు.
ఆ రోజు గర్వపడ్డాను.
ఇప్పుడు ఒక్కోసారి నిద్ర పట్టదు.

ఎందుకంటే, ఫిబ్రవరిలో ఒక రాత్రి
పోలారావు పడవ పదకొండు రోజుల వేట చేసి వచ్చింది.
డీజిలు అప్పు, ఐసు అప్పు,
తెచ్చినవన్నీ మూరెడు కూడా లేని సూర గుంటలు.
పొట్ట మీద తెల్ల చారలు ఇంకా పోలేదు.
అతను ఏమీ అడగలేదు.
మంచు నీళ్ళకి పాలిపోయిన చేతులు
లుంగీకి తుడుచుకుంటూ నిలబడ్డాడు, అంతే.
నలభై రెండుని నేను
యాభై రెండు అని రాశాను.
పెన్సిలుకి రెండూ ఒకటే బరువు.

దయో తప్పో ఇప్పటికీ తేలలేదు.
ఆ పది సెంటీమీటర్లూ సముద్రంలో లేవు,
పోలారావు జేబులోనూ లేవు.
ఏదో గ్రాఫులో
నా చేతిరాతతో
పుట్టని చేప ఒకటి ఈదుతూ ఉండాలి.

రోహిణి కార్తె. జెట్టీ సిమెంటు
చెప్పుల్లోంచి కూడా కాలుతోంది.
బండమ్మ ఎండుచేపల గంపతో కంచరపాలెం బస్సెక్కింది.
"పచ్చి సేప నేదా?" అన్నవాళ్ళకి
"సంద్రం తలుపేసుకుందమ్మా" అని జవాబు.
భృతి ఒకడికి పడింది, ఒకడికి ఆధార్ కలవలేదు,
టీకొట్టు దగ్గర రోజూ అదే పంచాయితీ.
పోలారావు మధురవాడలో మేడల పనికి పోతున్నాడు.
కమిలిన భుజం చూపించి
"సూర కంటే బస్తాయే బరువమ్మా,
పైగా సచ్చినా కదల్దు" అని నవ్వాడు.
యాభై రెండు సంగతి
అతనూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు.

తెప్పలకి నిషేధం లేదు.
ఒక తెల్లవారు ముసలి దానయ్య
ఒంటరిగా తెడ్డేసుకొచ్చి
పలక మీద కవళ్ళు పోశాడు,
"కొలువమ్మా, నీ సేతికి బోణీ."
తెప్పలు నా లెక్కలోకి రావు.
అయినా కొలిచాను. ఒక్కోటీ పద్నాలుగు, పదమూడున్నర.
పదమూడున్నర అనే రాశాను,
మార్జిన్లో, గట్టిగా నొక్కి.

జూన్ పద్నాలుగు, అర్ధరాత్రి.
మృగశిర జల్లు ఒకటి పడి ఆగింది.
ఐసు మిల్లు దగ్గి, గొంతు సవరించుకుంది.
పడవల ముక్కులకి పసుపు, పగిలిన కొబ్బరికాయలు,
అరవై ఒక్క రోజుల నిద్ర మీద
ఒక్కసారిగా ఇంజన్ల అరుపు.

పోలారావు పడవ మూడోది.
అంచున నిలబడి ఏదో కేకేశాడు.
పొగలో వినపడలేదనుకున్నాడేమో,
ఈసారి ఎంత పెద్దవి తెస్తాడో
రెండు చేతులూ చాపి చూపించాడు.

చీకట్లో ఎంత దూరం చాపాడో
నాకు కనపడలేదు.